భయానికి చోటివ్వని పాఠం: ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు ప్రయోగం

తరగతిలో సగం మంది పిల్లలు, ఇచ్చిన పనిలో సగమైనా సరిగ్గా చేయగలిగితే ఆ పాఠం బరువు సరిపోయినట్టు. దాదాపు అందరూ చేసేస్తే పని మరీ తేలిక. కొద్దిమందే చేయగలిగితే మరీ బరువు, మార్చి తేవాలి. నలభై ఏళ్ళ కిందట బెంగళూరు కేంద్రంగా ఇంగ్లిష్ పాఠాలు తయారుచేసిన ఒక బృందం తనకు తాను పెట్టుకున్న కొలత ఇది. మనకు అలవాటైన 35 మార్కుల కొలత పిల్లవాడిని కొలుస్తుంది. ఈ కొలత పాఠాన్ని కొలుస్తుంది. పిల్లలు చేయలేకపోయిన రోజున ముందుగా సంజాయిషీ చెప్పుకోవలసింది పాఠం కట్టినవాళ్ళే.

ఆ బృందానికి దారి చూపినవారు ఎన్.ఎస్. ప్రభు. అప్పట్లో ఆయన మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో ఇంగ్లిష్ బోధనకు సంబంధించిన అధికారి. తోడుగా నిలిచిన సంస్థ బెంగళూరులోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్. 1963లో ఏర్పడి, ఇవాళ జ్ఞానభారతి ప్రాంగణంలో ఉన్న ఈ సంస్థ మన ప్రభుత్వ బడుల టీచర్లకు కొత్తది కాదు. ఇంగ్లిష్ బోధనలో శిక్షణ కోసం ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి ఎందరో అక్కడికి వెళ్ళివచ్చారు. 1979 నుంచి 1984 దాకా అయిదేళ్ళు నడిచిన ఆ ప్రయోగానికి కాగితం మీది పేరు ‘కమ్యూనికేషనల్ టీచింగ్ ప్రాజెక్ట్’. లోకం మాత్రం దాన్ని ‘బెంగళూరు ప్రాజెక్ట్’ అనే పిలుస్తుంది, పాఠాలు మద్రాసులోనూ కడలూరులోనూ కూడా నడిచినా. మొత్తం 18 మంది టీచర్లు, 8 నుంచి 15 ఏళ్ళ మధ్య వయసున్న 390 మంది పిల్లలు ఇందులో పాల్గొన్నారు. ఆ అనుభవమంతటినీ కూర్చి ప్రభు రాసిన ‘సెకండ్ లాంగ్వేజ్ పెడగాజీ’ని 1987లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. పుస్తకం చిన్నది. అందులోని పనితనం మాత్రం తీరిగ్గా కూర్చుని చూడవలసింది.

ఒక మాట ముందే చెప్పాలి. ప్రభు పిల్లల భయం మీద పుస్తకం రాయలేదు. ఆయన తలకెత్తుకున్న ప్రశ్న వ్యాకరణానిది. వాక్య నిర్మాణాలను ఒకదాని తర్వాత ఒకటిగా వల్లె వేయిస్తే ఆ వ్యాకరణం నాలుక దాకా వస్తుందా, లేక మనసు అర్థం మీద ఉన్నప్పుడే భాష లోపల స్థిరపడుతుందా అన్నది ఆయన పరీక్షించదలచుకున్నది. రెండోదే నిజమని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని తరగతి గదిలో నిలబెట్టడానికి పాఠాలను ఎలా కట్టారో చూస్తూ పోతే నాకు కనిపించింది వేరొకటి. అందులోని ప్రతి అమరికా పిల్లవాడి భయం పుట్టే చోటును ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చింది. ఈ వ్యాసం ఆ అమరికల గురించి.

భయం ఎక్కడ పుడుతుందో చూద్దాం. పరాయి భాష తరగతిలో కలిగే ఆందోళన మామూలు బిడియం కాదనీ, దానికి ప్రత్యేకమైన స్వరూపం ఉందనీ స్పష్టంగా చెప్పిన పత్రం 1986లో వచ్చింది. రాసినవారు ఎలేన్ హార్విట్జ్, మైకేల్ హార్విట్జ్, జోఆన్ కోప్. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ళు. 1983 వేసవిలో అక్కడ కొత్తగా భాషలు నేర్చుకుంటున్న 225 మందికి, కష్టాలు చెప్పుకోవడానికి ఒక సహాయ బృందం పెడుతున్నామని తెలియజేశారు. 78 మంది మేం చేరతామన్నారు. చోటు లేక పదిహేనేసి మందితో రెండు బృందాలే పెట్టగలిగారు. ఆ విద్యార్థులు చెప్పుకున్న మాటల్లోంచి 33 వాక్యాల ప్రశ్నావళి తయారైంది. పేరు పిలిచేసరికి గుండె దడదడలాడటం, చదువుకొచ్చింది కూడా మర్చిపోవడం, మిగతావాళ్ళంతా తనకంటే బాగా మాట్లాడతారని అనుకోవడం, నవ్వుతారేమోనన్న జంకు, టీచర్ ప్రతి తప్పునూ పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు అనిపించడం వంటివన్నీ అందులో ఉన్నాయి. ఇప్పటికీ ప్రపంచమంతటా భాషా తరగతుల్లో ఆందోళనను లెక్కగట్టాలంటే ముందుగా చేతికి తీసుకునేది ఆ ప్రశ్నావళినే.

వాళ్ళు ఈ ఆందోళనకు మూడు దగ్గరి బంధువులను చూపించారు: నలుగురిలో మాట్లాడాలంటే కలిగే జంకు, పరీక్ష భయం, ఇతరులు తక్కువగా అంచనా వేస్తారన్న భయం. ఈ మూడింటికీ అడుగున మరొకటి ఉందని కూడా అన్నారు. లెక్కల్లో తప్పు చేసినవాడికి లెక్క తప్పుతుంది, అంతే. పరాయి భాషలో తడబడినవాడు మాత్రం తానే తక్కువవాడిగా కనబడతాడు. ఇంట్లో తెలుగులోనో కన్నడంలోనో చతురంగా మాట్లాడే పిల్ల, ఇంగ్లిష్ పీరియడ్‌లో రెండు ముక్కల మనిషి అయిపోతుంది. తన తెలివి మొత్తం లోపల ఉండిపోయి, పైకి కనిపించేది ఆ రెండు ముక్కలే అవుతాయి.

టెక్సస్ వాళ్ళు జబ్బును గుర్తించి పేరు పెట్టారు. ఆ పేరు పడటానికి ఏడేళ్ళ ముందే బెంగళూరులో పాఠం మొదలైంది.

అప్పటికి దక్షిణాది బడుల్లో ఉన్న పద్ధతి ఏమిటంటే, భాషను నిర్మాణాలుగా విడగొట్టి, తేలికైన వాటి నుంచి కష్టమైన వాటికి వరసపెట్టి, ఒక్కో నిర్మాణాన్నీ సందర్భం కల్పించి నోటితో పలికించడం. టీచర్ తలుపు వైపు నడుస్తూ ‘ఐ యామ్ వాకింగ్ టు ద డోర్’ అంటారు. పిల్లలు అంటారు. తర్వాత ఒక్కొక్కరినీ లేపి అనిపిస్తారు. ఈ పద్ధతిని తయారుచేసినవాళ్ళు శ్రద్ధ లేనివాళ్ళు కారు, ఎంతో ఓపికతో వరసలు కట్టారు. కానీ పిల్లవాడి వైపు నుంచి చూడండి. టీచర్ తలుపు వైపు నడుస్తున్న సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది. అందులో చెప్పవలసిన కొత్త విషయం ఏమీ లేదు. మరి వాడిని లేపి అడిగింది దేనికి? వాడి నాలుక సరిగ్గా తిరుగుతుందో లేదో చూడటానికి. తరగతి మొత్తం చూపూ ఆ ఒక్క నాలుక మీదే ఉంటుంది. భయం అక్కడ పుడుతుంది. ఆ టీచర్ ఎంత మంచివారైనా, ఎంత నవ్వుతూ ‘పరవాలేదు, చెప్పు నాన్నా’ అన్నా భయం పోదు. పరీక్ష పాఠం లోపలే ఉంది కనుక.

ప్రభు చేసిన మొదటి పని ఆ చూపును మరోచోటికి మళ్ళించడం. చంటివాడికి చందమామను చూపిస్తూ అమ్మ ముద్ద నోట్లో పెట్టినట్టు, ఆయన పిల్లల ముందు ఒక చిక్కుముడి పెట్టారు. అది విప్పడానికి ఇంగ్లిష్ కావాలి. వాళ్ళ ధ్యాస మాత్రం ముడి మీద.

ఏమిటా చిక్కుముడులు? ఆ ప్రాజెక్ట్‌లో వాడిన పనుల జాబితా చూస్తే ముచ్చటేస్తుంది. గడియారం ముఖాలు, నెల క్యాలెండర్, ఊరి మ్యాపు, బడి టైమ్ టేబుల్, రైళ్ళ వేళలు, ప్రయాణ కార్యక్రమాలు, దూరాలు, డబ్బు లెక్కలు, పుట్టిన సంవత్సరమూ వయసూ, పోస్టాఫీసు వ్యవహారం, టెలిగ్రాములు. కథలూ ఉన్నాయి, సంభాషణలూ ఉన్నాయి. వీటిలో విదేశీ వాసన లేదు. లండన్ వీధుల్లో మిస్టర్ బ్రౌన్ గొడుగు పట్టుకుని నడవడు. మధ్యతరగతి, పేద కుటుంబాల పిల్లలు ఇంట్లో నిత్యం చూసే కాగితాలే బడిలో పాఠమయ్యాయి. టెలిగ్రామ్‌లో మాటకింత అని డబ్బు కట్టాలని తెలిసిన పిల్లకు, మాటలు ఎందుకు తగ్గించాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒక పాఠం ఎలా సాగేదో తెలియాలంటే ఉదాహరణ కావాలి. పుస్తకంలో అసలు తరగతుల సంభాషణలు అచ్చంగా ఉన్నాయి. వాటిని ఇక్కడ ఎత్తి రాయకుండా, అదే పద్ధతిలో నేనొకటి కట్టి చూపిస్తాను.

నల్లబల్ల మీద మూడు రైళ్ళ వేళలు రాశారనుకుందాం. మద్రాసులో ఉదయం 7:20కి బయల్దేరే బండి మధ్యాహ్నం ఒంటిగంటకు బెంగళూరు చేరుతుంది. మధ్యాహ్నం 1:30కి బయల్దేరేది రాత్రి 8 గంటలకు చేరుతుంది. రాత్రి 10 గంటల బండి తెల్లవారి 5:30కి చేరుతుంది. సుబ్బయ్యకు మద్రాసులో ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం 12 దాకా ఆఫీసు. ఆదివారం ఉదయం 9కి బెంగళూరులో వాళ్ళ అన్నగారి గృహప్రవేశం. స్టేషన్ నుంచి ఆ పేటకు పోయే చివరి సిటీ బస్సు రాత్రి 7:30కి, మళ్ళీ మొదటిది పొద్దున 6కి. ఆటోకు పెట్టే స్తోమత అతనికి లేదు. ఏ బండి ఎక్కాలి?

ఒక పిల్లవాడు ‘నైట్ ట్రైన్ సార్’ అంటాడు. టీచర్ ‘వై?’ అని అడుగుతారు. వాడు ‘బస్ నాట్... లాస్ట్ బస్ గో’ అంటాడు. టీచర్ ‘యెస్, ద లాస్ట్ బస్ హ్యాజ్ గాన్. సో హి కాంట్ రీచ్ ద హౌస్ దట్ నైట్. వెరీ గుడ్’ అని ముందుకు వెళతారు.

ఈ నాలుగు మాటల్లో ఎంత జరిగిందో చూడండి. పిల్లవాడు చెప్పిన వాక్యం వ్యాకరణం ప్రకారం తప్పు. ఆలోచన ప్రకారం పూర్తిగా ఒప్పు. టీచర్ ఒప్పుకున్నది ఆలోచనను. వాక్యాన్ని సరిచేశారు కూడా, కానీ నీది తప్పు అని ఆపి, నల్లబల్ల మీద రాసి, తరగతి చేత పలికించి కాదు. వాడు చెప్పబోయిందే తాను సరిగ్గా అని, సంభాషణలో భాగంగా దాటిపోయారు. ప్రభు ఈ రెండు రకాల దిద్దుబాట్లను వేరుచేసి చెబుతారు. పని సాగడం కోసం దారిలో జరిగేది ఒకటి, పని ఆపేసి తప్పు మీద పాఠం చెప్పేది రెండోది. ప్రాజెక్ట్ తరగతుల్లో మొదటిదానికే చోటు. ‘హ్యాజ్ గాన్’ ఆ పిల్లవాడి చెవిన పడింది. అది రేపు వస్తుందో, ఆరు నెలలకు వస్తుందో ఎవరూ నిలదీయరు.

ఇంకొకటి. వాడు ‘నైట్ ట్రైన్’ అని రెండు మాటలతో సరిపెట్టినా జవాబు పూర్తయినట్టే. ‘పూర్తి వాక్యంలో చెప్పు’ అన్న ఆజ్ఞ ఇక్కడ లేదు. మన తరగతుల్లో ఆ ఆజ్ఞ ఎందరి నోళ్ళు మూయించిందో భాష నేర్పిన ప్రతివారికీ తెలుసు. అర్థం చేసుకోవడం ముందు, మాట్లాడటం తర్వాత అన్నది ప్రభు క్రమం. విన్నదాన్ని, చదివినదాన్ని పట్టుకుని పని చేసి చూపిస్తే చాలు. మాట దానంతటది ఊరి వచ్చేదాకా ఆగవచ్చు. తోటివాడిని కన్నడంలోనో తమిళంలోనో అడిగినా అది నేరం కాదు. ఇంగ్లిష్ పీరియడ్‌లో మాతృభాష మాట్లాడితే జరిమానా వేసే బడులు నేటికీ ఉన్న దేశంలో ఈ నిర్ణయం విలువ చెప్పనలవి కాదు.

పనులను ప్రభు మూడు జాతులుగా విడదీశారు. ఒకరి దగ్గరున్న సమాచారాన్ని మరొకరికి చేరవేసేది ఒకటి. ఉన్న సమాచారంలోంచి తర్కించి కొత్తది రాబట్టేది రెండు. తన ఇష్టాయిష్టాలూ అభిప్రాయాలూ చెప్పేది మూడు. భాషా బోధన చదువుకున్నవాళ్ళంతా ఈ విభజనను కంఠతా చెబుతారు. ఆయన ఈ మూడింటిలో దేనికి పెద్దపీట వేశారన్నది అంతకంటే ముఖ్యం. రెండోదానికి, తర్కంతో సాగే పనికి. అభిప్రాయం చెప్పమంటే పిల్లలకు స్వేచ్ఛ ఇచ్చినట్టే కనిపిస్తుంది. కానీ ఏది చెబితే సరిపోతుందో తెలియని కొత్త విద్యార్థికి ఆ స్వేచ్ఛే దిక్కుతోచని స్థితి. ‘వాట్ ఈజ్ యువర్ హాబీ?’ అని అడిగితే నోరు పెగలని పిల్ల, సుబ్బయ్య ఏ బండి ఎక్కాలో చెప్పమంటే చెయ్యెత్తుతుంది. ఇక్కడ సరైన జవాబు ఒకటుంది, అది తనకు దొరికిందని ఆమెకే తెలుస్తుంది. టీచర్ మెచ్చుకోలు కోసం ఆ ముఖంలోకి చూడనక్కర్లేదు. ఈ నిశ్చయం పిల్లలకు ఇచ్చే ధైర్యాన్ని అంత సూక్ష్మంగా గమనించినందుకే ప్రభు అంటే నాకు అంత గౌరవం.

పాఠం రెండు అంతస్తులుగా ఉంటుంది. మొదటిది అందరి ముందూ జరిగేది. టీచర్ ఒక చిక్కును తరగతితో కలిసి విప్పుతారు. ప్రశ్న వేస్తారు, జవాబు రాకపోతే ప్రశ్నను చిన్నది చేస్తారు, ఇంకా రాకపోతే ఇంకా చిన్నది. రెండోది దాన్ని పోలిన మరో చిక్కు. దీన్ని ఎవరికి వారు కాగితం మీద చేసుకోవాలి. మొదటిదాంట్లో విన్న మాటలే ఇక్కడ అక్కరకొస్తాయి. అందరి ముందూ జరిగే దశలో ఒంటరి పరీక్ష లేదు, పరీక్ష ఉన్న దశలో పదిమంది చూపు లేదు. మార్కులు వేసేటప్పుడు చూసేది పని సరిగ్గా అయిందా లేదా అనే. టెక్సస్ వాళ్ళు చెప్పిన మూడు భయాల్లో మాట్లాడే జంకునూ పరీక్ష భయాన్నీ ఒకదానికొకటి తగలకుండా విడదీయడం ఈ కట్టుబడి గొప్పతనం.

ఇక మూడో భయం, పక్కవాళ్ళ ముందు చులకనవుతామన్నది. ఇక్కడే ప్రభు అందరికీ ఎదురు నడిచారు. ఆ రోజుల్లోనూ ఈ రోజుల్లోనూ ఏ శిక్షణ తరగతికి వెళ్ళినా చెప్పేది ఒకటే: పిల్లలను జట్లుగా కూర్చోబెట్టండి, భయం పోతుంది. ప్రభు జట్టు పనిని పాఠంలో భాగం చేయలేదు. ఒక కారణం భాషాపరమైనది. అందరూ నేర్చుకునే దశలోనే ఉన్నవాళ్ళు కాబట్టి, ఒకరి దగ్గర మరొకరికి దొరికే ఇంగ్లిష్ అరకొరగా ఉంటుంది. రెండో కారణం మనసుకు సంబంధించినది, నా దృష్టిలో పుస్తకంలోకెల్లా లోతైన పరిశీలన. టీచర్‌కు తనకంటే ఎక్కువ తెలుసన్నది పిల్లవాడు ముందే ఒప్పుకున్న విషయం. ఆయన ముందు తడబడటంలో పరువు పోయేదేమీ లేదు. తనతో సమానమైన పక్కబెంచీవాడి ముందు తక్కువవాడు కావడం అంతకంటే ఎక్కువ గుచ్చుకుంటుంది. అందుకని ప్రాజెక్ట్‌లో సహకారాన్ని నిషేధించలేదు, తప్పనిసరీ చేయలేదు. కావాలనుకున్నవాడు పక్కవాడిని అడగవచ్చు, టీచర్‌ను అడగవచ్చు, ఒంటరిగానూ చేసుకోవచ్చు.

మన తరగతి గదులు ఎరిగినవాళ్ళకు ఈ మాట ఎంత నిజమో వేరే చెప్పాలా? నలుగురిని జట్టుగా కూర్చోబెడితే కాన్వెంట్ నుంచి వచ్చిన పిల్ల మాట్లాడుతుంది, మిగిలిన ముగ్గురూ తలలూపుతారు. ఆ ముగ్గురి మౌనంలో కులం ఉంటుంది, డబ్బు ఉంటుంది, ఊరు ఉంటుంది. అనంతపురం నుంచో మదనపల్లె నుంచో తెలుగు మీడియంలో చదివి బెంగళూరు ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన కుర్రవాడు గ్రూప్ డిస్కషన్ అంటేనే వెనక బెంచీ వెతుక్కుంటాడు. లెక్చరర్‌కు భయపడి కాదు. నిన్న హాస్టల్లో తనతో కలిసి భోంచేసినవాళ్ళ ముందు చిన్నబోవడం ఇష్టం లేక. జట్టు పని అన్నివేళలా చెడ్డదని నేననను. పిల్లల మధ్య చనువు కుదిరాక అది ఎంతో మేలు చేస్తుంది. భయానికి మొదటి మందుగా దాన్ని వాడటం మాత్రం తప్పని ప్రభు దగ్గరే నేర్చుకున్నాను.

ఫలితాలేమిటని అడిగేవారుంటారు, అడగాలి కూడా. ప్రయోగం చివర్లో అలన్ బెరెట్టా, అలన్ డేవిస్ వచ్చి నాలుగు బడుల్లో ప్రాజెక్ట్ తరగతులనూ మామూలు తరగతులనూ పోల్చి చూశారు. 1985లో వాళ్ళ నివేదిక అచ్చయింది. నిర్మాణాల మీద పెట్టిన పరీక్షలో మామూలు తరగతులదీ, పనుల మీద పెట్టిన పరీక్షలో ప్రాజెక్ట్ తరగతులదీ పైచేయి. ఎవరు నేర్చుకున్నది వాళ్ళకు వచ్చింది. ఏ పద్ధతికీ మొగ్గు చూపకుండా తయారుచేసిన పరీక్షల్లో మొత్తం మీద ప్రాజెక్ట్ పిల్లలే మెరుగ్గా చేశారు. జాగ్రత్తగా మాట్లాడే ఆ ఇద్దరూ దీన్ని తుది తీర్పు అనలేదు, ప్రభు వాదానికి కొంత బలం చేకూరిందన్నారు. నాకదే సబబుగా తోస్తుంది. వ్యాకరణాన్ని విడిగా వల్లె వేయించకుండానే పిల్లలు వెనకబడలేదన్నది చిన్న విషయం కాదు.

లోపాలు లేవా? ఉన్నాయి. తర్కం మీద ఇంత బరువు వేస్తే లెక్కలంటే బెదిరే పిల్లకు ఇంగ్లిష్ పీరియడ్ కూడా లెక్కల పీరియడ్ అవుతుంది. ఒక భయం పోయి మరో భయం వచ్చే ప్రమాదం ఉంది. కథలు ఉన్నా, కథను ప్రేమించే పిల్లలకు దక్కవలసిన చోటు వాటికి దక్కలేదని నా అభిప్రాయం. కోపం, సంతోషం, అలక, ఎకసెక్కం లేని భాష ఎంత సరిగ్గా ఉన్నా సగం భాషే. రైలు టైమ్ టేబుల్‌కు వాటితో పనిలేదు.

వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది టీచర్లది. నిర్మాణాల పాఠంలో రేపు ఏం మాట్లాడాలో టీచర్‌కు ముందే తెలుసు, వాక్యాలు పుస్తకంలోనే ఉంటాయి. ప్రభు పాఠంలో పిల్లవాడు ఏమంటాడో తెలియదు. వాడి జవాబును బట్టి అప్పటికప్పుడు ప్రశ్నను చిన్నది చేయాలి, పెద్దది చేయాలి, మరోవైపు తిప్పాలి. ఆ పని ఇంగ్లిష్‌లో తడుముకోకుండా చేయగలిగినవాళ్ళు బడుల్లో ఎంతమంది? ప్రాజెక్ట్‌లోని మామూలు బడి టీచర్లలో చాలామందికి ఈ పద్ధతి పూర్తిగా వంటబట్టలేదని బెరెట్టానే 1990లో రాశారు. ప్రత్యేక శిక్షణ పొంది వచ్చినవాళ్ళు నిలదొక్కుకున్నంతగా వాళ్ళు నిలదొక్కుకోలేకపోయారు. పరాయి భాష నేర్పేవాళ్ళలోనూ ఆందోళన ఉంటుందని 1996లో ఎలేన్ హార్విట్జ్ రాశారు. తన తప్పు బయటపడుతుందేమోనని జంకే టీచర్, తెలియకుండానే మాట్లాడే అవకాశాలను తగ్గించి చదివించడాలకూ రాయించడాలకూ పరిమితమవుతారు. మన రాష్ట్రాల్లో ప్రభుత్వ బడులు ఇంగ్లిష్ మీడియం వైపు మళ్ళిన ఈ రోజుల్లో ఇది ఇంగ్లిష్ టీచర్లకే కాక సైన్సు, సోషల్ చెప్పేవాళ్ళకూ వర్తిస్తుంది. పిల్లల భయం గురించి ఉపన్యాసాలు చెప్పే అధికారులు టీచర్ల భయాన్ని గురించి ఒక్కసారీ అడగకపోవడం నన్ను బాధిస్తుంది.

ప్రభుకు ఈ సంగతి తెలియక కాదు. 1990లో ఆయనే ‘టీసాల్ క్వార్టర్లీ’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అందరికీ పనికొచ్చే ఉత్తమ పద్ధతి అంటూ ఏదీ ఉండదనీ, టీచర్ తాను చేస్తున్నది ఎందుకు పనిచేస్తుందన్న దానిపై తనదైన నమ్మకంతో చేస్తున్నారా లేక యంత్రంలా చేస్తున్నారా అన్నదే అసలు తేడా అనీ అందులో వాదించారు. సొంతంగా ఒక పద్ధతిని కట్టి, ప్రపంచం దాన్ని చర్చిస్తున్న రోజుల్లో ఆ మాట అనడానికి నిజాయితీ కావాలి.

ప్రయోగం 1984లో ముగిసింది. ఆ తర్వాత దాని ఆలోచన దేశాలు దాటింది. ఇవాళ పని ఆధారంగా భాష నేర్పడమన్నది ప్రపంచమంతటా స్థిరపడిన మార్గం. దాని చరిత్ర రాసేవాళ్ళు మొదటి పేజీల్లోనే బెంగళూరును తలుచుకుంటారు. అదే బెంగళూరులో ఇవాళ మాక్స్ ముల్లర్ భవన్‌లో జర్మన్, అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచ్ నేర్చుకుంటున్నవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. జర్మనీలో ఉద్యోగం కోసం వెళ్ళదలచిన నర్సు, పైచదువుకు వెళ్ళే ఇంజనీరు, పాతికేళ్ళు దాటాక మళ్ళీ బెంచీ మీద కూర్చుని అక్షరాలు దిద్దుతారు. ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషి సాయంత్రం తరగతిలో సొంత పేరు చెప్పడానికి చెమటలు పట్టించుకుంటారు. వాళ్ళ పాఠ్యపుస్తకాల్లో రైళ్ళ వేళలూ, ఊరి మ్యాపులూ, వారం కార్యక్రమాలూ కనిపిస్తాయి. యూరప్ నుంచి వచ్చిన పుస్తకమని వాళ్ళు అనుకుంటారు. అలాంటి పాఠాన్ని తొలిసారి ఒక పట్టుదలతో అయిదేళ్ళు కట్టి చూసిన చోటు తాము నివసిస్తున్న ఊరేనని వాళ్ళకు ఎవరైనా చెప్పాలి.

టీచర్లకు నాదొక మనవి. ఈ పుస్తకం దొరికితే సిద్ధాంతం ఉన్న అధ్యాయాలతో మొదలుపెట్టకండి. తరగతి సంభాషణలు అచ్చయిన పేజీలు ముందు చదవండి. టీచర్ ప్రశ్నను ఎక్కడ చిన్నది చేశారో, పిల్లవాడి ఒంటి మాటను ఎలా అందుకున్నారో పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి. తర్వాత మీ బస్టాండులో రాసి ఉన్న బస్సుల వేళలు ఒక కాగితం మీద ఎక్కించుకుని, దాని మీద ఒక చిక్కు కట్టి తరగతిలో ఇచ్చి చూడండి. ఆ ఒక్క పీరియడ్‌కు వాక్యానికి మార్కు వేయకండి, జవాబుకే వేయండి. ఏడాదంతా నోరు విప్పనివాళ్ళలో ఎవరు చెయ్యెత్తారో పేర్లు రాసి పెట్టుకోండి. సగం మంది సగం కూడా చేయలేకపోతే చిక్కును మార్చి మళ్ళీ ఇవ్వండి.